ఆ ఒక్క మాట తీసేయండి: తెలుగు పార్లమెంటు సభ్యులకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల గౌరవ పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం.

లోక్‌సభలో మీరు 42 మంది, రాజ్యసభలో 18 మంది. అరవై మందికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. మీరు ఏ పార్టీ వారైనా నా విన్నపం ఒకటే.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29ఏ అనే సెక్షన్ ఉంది. కొత్తగా రాజకీయ పార్టీ పెట్టేవాళ్లు ఎన్నికల సంఘం దగ్గర నమోదు కావాలంటే తమ నియమావళిలో ఒక హామీ రాసుకోవాలని అందులో ఐదో ఉపసెక్షన్ చెబుతోంది. రాజ్యాంగానికి విధేయులుగా ఉంటామని రాయాలి. సోషలిజం, లౌకికవాదం, ప్రజాస్వామ్యం అనే సూత్రాలకు కట్టుబడి ఉంటామని రాయాలి. దేశ సార్వభౌమత్వాన్ని, ఐక్యతను, సమగ్రతను నిలబెడతామని రాయాలి. ఇందులో సోషలిజం అనే ఒక్క మాటను తీసేయమని మిమ్మల్ని అడుగుతున్నాను. మిగతావన్నీ ఉండాల్సిందే, వాటితో నాకు పేచీ లేదు.

నేను పొన్నూరు దగ్గర పల్లెటూరి వాణ్ణి. హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. రెండెకరాల మాగాణి ఉంది. ఈ విషయం నా మనసులో ఇంతగా నాటుకోవడానికి కారణం మా నాన్న. 1962 ఎన్నికలప్పుడు ఆయన కుర్రాడు. సాయంత్రం పొలం నుంచి రాగానే బకెట్లో సున్నం కలుపుకుని గోడల మీద నక్షత్రం గుర్తు వేసేవాడట. అది సోషలిజాన్ని ఒప్పుకోని స్వతంత్ర పార్టీ గుర్తు. రైతు నాయకుడు ఎన్.జి. రంగా పేరు మీద మా వైపు దాన్ని రంగాగారి పార్టీ అనేవాళ్లు. పక్క వీధిలో నాన్న స్నేహితుడు ఒకాయన అదే సున్నంతో కంకి కొడవలి వేసేవాడు. తెనాలి పార్లమెంటు సీటు ఆ ఏడాది కమ్యూనిస్టులే గెలిచారు, రంగాగారు ఓడిపోయారు. ఇద్దరూ మాత్రం చివరిదాకా ఒకే అరుగు మీద కూర్చుని వాదించుకున్నారు. ఒకరు నమ్మింది ఇంకొకరు నమ్మలేదు, కానీ తాను నమ్మనిదాన్ని నమ్ముతున్నానని చెప్పాల్సిన అవసరం ఇద్దరికీ రాలేదు. ఇవాళ మా నాన్న పార్టీ మళ్లీ పుడితే మొదటి రోజే ఆ అబద్ధం రాయాలి.

ఆ పార్టీ పేరు ఇప్పటి పిల్లలకు తెలియదు. నేను చెప్పిన పాఠ్యపుస్తకాల్లో కూడా ఒకటి రెండు వాక్యాలకు మించి లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

1959 జనవరిలో నాగపూర్‌లో కాంగ్రెస్ మహాసభ జరిగింది. ఇకమీదట దేశంలో వ్యవసాయం ఉమ్మడి సహకార పద్ధతిలో సాగాలని అక్కడ తీర్మానించారు. పొలాలన్నీ కలిపి సాగు చేస్తారు, రైతు పేరు కాగితం మీద ఉంటుంది, పంటలో వాటా వస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఏ గట్టు ఎక్కడ వేయాలో, ఏ చేలో ఏం నాటాలో, ఎప్పుడు కోయాలో రైతు చేతిలో ఉండదు. రష్యాలో, చైనాలో ఇలాంటి ప్రయోగాలు ఎలా మొదలై ఎక్కడికి చేరాయో తెలిసినవాళ్లకు భయం వేసింది.

అలా భయపడ్డవాళ్లలో ముందు నిలబడింది నిడుబ్రోలు మనిషి ఆచార్య ఎన్.జి. రంగా. ఆయన్ని ధనికుల మనిషి అని కొట్టిపారేయడం కుదరదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని వచ్చి నిడుబ్రోలులో రైతుల కోసం రాజకీయ పాఠశాల పెట్టారు. వెంకటగిరి లాంటి జమీందారీల్లో రైతుల పక్షాన పోరాడారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగాగారు ప్రధాన కార్యదర్శి. జమీందారు చేతిలోంచి భూమి రైతుకు రావాలని జీవితమంతా అడిగిన మనిషికి, అదే భూమిని మళ్లీ రైతు చేతిలోంచి ప్రభుత్వం పెట్టే సంఘానికి ఇవ్వమంటే ఎలా ఉంటుంది? కాంగ్రెస్‌ను వదిలి బయటికి వచ్చారు. ఆ ఏడాది జూన్ 4న మద్రాసులో కొత్త పార్టీ పెడుతున్నట్టు ప్రకటించారు. ఆగస్టు మొదట్లో బొంబాయిలో ప్రారంభ మహాసభ జరిగింది. రంగాగారు అధ్యక్షుడు, మినూ మసానీ ప్రధాన కార్యదర్శి. ఈ మసానీ కూడా 1934లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ పెట్టినవాళ్లలో ఒకరు. సోషలిజం తెలియక వ్యతిరేకించినవాళ్లు కారు వీళ్లు. దాన్ని నమ్మి, లోపలికి వెళ్లి చూసి, బయటికి వచ్చినవాళ్లు.

వీళ్లందరినీ ఒకచోట చేర్చిన పెద్దమనిషి రాజాజీ. అప్పటికి ఆయనకు 80 ఏళ్లు. గవర్నర్ జనరల్ పదవి చేసి, రెండుసార్లు మద్రాసుకు ప్రభుత్వాధినేతగా ఉండి, ఇక ఏమీ అక్కర్లేని వయసు. తెలుగువాడైన ఖాసా సుబ్బారావు గారు మద్రాసులో నడిపిన స్వరాజ్య పత్రికలో వారం వారం రాస్తూ ఉండేవారు. ప్రభుత్వం అన్నిటికీ అనుమతి పత్రాలు ఇచ్చే పద్ధతికి పర్మిట్ లైసెన్స్ రాజ్ అనే పేరు పెట్టింది ఆయనే.

ఇక్కడ నేను కాసేపు ఆగాలి. మన తెలుగువాళ్లకు రాజాజీ అంటే అప్పటికే మనసు విరిగి ఉంది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు 58 రోజుల దీక్ష తర్వాత మద్రాసులో ప్రాణం విడిచినప్పుడు ముఖ్యమంత్రి రాజాజీయే. ఆ గాయానికి ఇంకా ఏడేళ్లు కూడా నిండలేదు. అలాంటిది, గుంటూరు, చిత్తూరు, నెల్లూరు, శ్రీకాకుళం జిల్లాల్లో రైతులు ఆయన పార్టీ జెండా పట్టుకున్నారు. మా తాతకు ఇది మింగుడుపడలేదని నాన్న చెప్పేవాడు. "శ్రీరాములు గారిని చంపినాయన పార్టీకి గోడలు రాస్తావా" అని మా తాత వారం రోజులు మాట్లాడలేదట. నాన్న చెప్పిన జవాబు ఒకటే. "రాజాజీ మీద కోపం నాకూ ఉంది, కానీ ఈ పొలం మీద నాకు హక్కుండాలంటున్నది ఆయన ఒక్కడే." వేలమంది ఇళ్లల్లో ఇలాంటి వాదనలు జరిగి ఉంటాయని నేను అనుకుంటాను. అంత కోపాన్ని పక్కన పెట్టి ఒక పార్టీలో చేరారంటే, ఆ పార్టీ చెప్పింది వాళ్ల బతుకులకు ఎంత దగ్గరిదో ఆలోచించండి.

ఆ పార్టీ 21 మూల సూత్రాలు ప్రకటించుకుంది. సారాంశం చెబితే ఇదీ. పౌరుడి బతుకులో ప్రభుత్వం చేయి ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. రైతు భూమి రైతుదే. వ్యాపారం, పరిశ్రమ పెట్టుకోవడానికి ప్రతిదానికీ ఆఫీసు మెట్లు ఎక్కించకూడదు. పన్నులు, ప్రభుత్వ ఖర్చు అదుపులో ఉండాలి. రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కులను, న్యాయస్థానాల అధికారాన్ని ముట్టుకోకూడదు. ఉన్నవాళ్లు తమ సంపదకు ధర్మకర్తల్లా ఉండాలన్న గాంధీగారి మాట కూడా ఆ సూత్రాల్లో ఉంది. విదేశాంగ విషయాల్లో చైనాను నమ్మవద్దని మొదటినుంచీ హెచ్చరించారు. మరోవైపు రాజాజీ అణుపరీక్షలు ఆపమని అడగడానికి 83 ఏళ్ల వయసులో, 1962లో, అమెరికా వెళ్లి కెన్నెడీని కలిశారు.

నాకు అన్నిటికన్నా నచ్చేది చివరి సూత్రం. ఈ సూత్రాల పరిధిలోకి రాని ఏ విషయంలోనైనా సభ్యుడు తనకు తోచినట్టు మాట్లాడవచ్చు, ఓటు వేయవచ్చు అని ఆ పార్టీ రాసుకుంది. అది కాగితం మీద మాటగా మిగిలిపోలేదు. రాజాజీ మద్య నిషేధానికి పట్టు వదలని మనిషి, 1937లోనే సేలంలో అమలు చేశారు. అదే పార్టీలో ఆంధ్రలో ముందు నిలబడిన నాయకుడు సర్దార్ గౌతు లచ్చన్న. సోంపేట ప్రాంతం బారువలో పుట్టిన వెనుకబడిన కులాల నాయకుడు, మద్య నిషేధం వల్ల కూడు పోయిన కల్లుగీత కార్మికుల కోసం పోరాడినవాడు. ఆ విషయంలో ఇద్దరిదీ ఉత్తర దక్షిణం. అయినా ఒకే పార్టీలో గౌరవంగా పనిచేశారు. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక మీకు ఆ స్వేచ్ఛ లేదు. విప్ వస్తే చెయ్యి ఎత్తాలి, లేకపోతే సభ్యత్వం పోతుంది. ఈ ఉత్తరం చదివి మీలో ఎవరికైనా నా మాట సబబే అనిపించినా పార్టీ ఒప్పుకుంటే తప్ప మీరేమీ చేయలేకపోవచ్చని నాకు తెలుసు. అందుకే అరవై మందికీ రాస్తున్నాను.

ఇక పర్మిట్ల సంగతి. ఇప్పటి కుర్రవాళ్లకు చెబితే కథలా వింటారు. 1974లో మా అక్క పెళ్లికి పంచదార పర్మిట్ కోసం నాన్న శుభలేఖ పట్టుకుని తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగాడు. రెండేళ్ల తర్వాత ఇంటికి స్లాబ్ వేయాలంటే సిమెంటుకు పర్మిట్. ఎన్ని బస్తాలు కావాలో ఇల్లు కట్టుకునేవాడు చెబితే చాలదు, ఎన్ని ఇవ్వాలో ఆఫీసులో కూర్చున్న గుమస్తా తేల్చాలి. ఆయన చేతిలో ఏదో పెడితే తప్ప తేలదు. మా ఇంట్లో వంటగది మీద స్లాబ్ ఆ ఏడాది పడలేదు, నాలుగేళ్లు తాటాకు కిందే వంట చేసింది మా అమ్మ.

1963 జనవరిలో వచ్చిన బంగారం నియంత్రణ నిబంధనలు చూడండి. 14 క్యారెట్లు దాటిన నగ చేయకూడదన్నారు. మన పెళ్లిళ్లలో 14 క్యారెట్ల బంగారంతో పుస్తెలు ఎవరు చేయించుకుంటారు? దేశమంతా స్వర్ణకారులు వీధిన పడ్డారు. మా ఊళ్లో ఒకాయన కుంపటి ఆర్పేసి రిక్షా తొక్కడానికి తెనాలి వెళ్లాడు. స్వతంత్ర పార్టీ ఆ నిబంధనలను గట్టిగా ఎదిరించింది. దాన్ని టాటా బిర్లాల పార్టీ అన్నవాళ్లకు నేను ఆ స్వర్ణకారుణ్ణి గుర్తు చేస్తుంటాను. నిబంధనలు 1968లో చట్టమయ్యాయి, ఆ చట్టం రద్దు కావడానికి 1990 దాకా పట్టింది. అప్పటికి ఆయన పోయాడు.

అన్నిటిలోకీ పెద్ద పోరాటం 17వ రాజ్యాంగ సవరణ మీద. దీన్ని రైతు కుటుంబాల వాళ్లందరూ తెలుసుకోవాలి. జమీందారీల రద్దు చట్టాలను కోర్టులు కొట్టేయకుండా మొదటి సవరణతో రక్షణ కల్పించారు. ఎస్టేటు అనే మాట కిందికి వచ్చే భూములకు ఆ రక్షణ. అంతవరకు న్యాయమే, రంగాగారు కూడా కోరుకున్నదే. కానీ మన డెల్టాలో, రాయలసీమలో ఎక్కువ భాగం రైత్వారీ పట్టా భూములు. జమీందారు అనేవాడు మధ్యలో లేడు, రైతు నేరుగా సర్కారుకు శిస్తు కడతాడు. అలాంటి భూములు ఎస్టేటు కిందికి రావని కేరళ కేసులో సుప్రీంకోర్టు 1961లో చెప్పింది. దాంతో 1964లో 17వ సవరణ తెచ్చి, రైత్వారీ భూమి కూడా ఎస్టేటే అన్నారు. 44 చట్టాలను తొమ్మిదో షెడ్యూలులో చేర్చి కోర్టు గుమ్మం తొక్కకుండా చేశారు. జమీందారును దించడానికి కట్టిన తాడు నాలుగెకరాల రైతు మెడకు వచ్చి పడింది. సొంత సేద్యంలో ఉన్న పరిమితి లోపలి భూమికి మార్కెట్ ధర ఇవ్వాలన్న రక్షణ చివరికి ఆ సవరణలో చేరింది. ఆ పాటి దక్కడానికైనా సభ లోపలా బయటా జరిగిన పోరాటమే కారణమని నా నమ్మకం.

ఎన్నికల లెక్కలు త్వరగా చెప్పేస్తాను. 1962లో లోక్‌సభలో 18 సీట్లు, 1967లో 44. ఆ సభలో అన్నిటికన్నా పెద్ద ప్రతిపక్షం అదే. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 1962లో 19, 1967లో 29 సీట్లు గెలిచి ముఖ్య ప్రతిపక్షమైంది. తెనాలిలో ఓడిన రంగాగారు అదే ఏడాది చిత్తూరు ఉపఎన్నికలో గెలిచారు, తర్వాత శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఒడిశాలో 1967లో ఆ పార్టీ మనిషి ఆర్.ఎన్. సింగ్ దేవ్ ముఖ్యమంత్రి అయ్యారు.

ఆ పార్టీ తప్పులు దాచిపెట్టి మీ దగ్గర మార్కులు కొట్టాలని లేదు నాకు. రాజస్థాన్, ఒడిశా, బీహార్‌లలో మాజీ రాజులు, రాణులు, పెద్ద జమీందార్లు వచ్చి చేరారు. ఓట్లు తెచ్చారు, కానీ పార్టీ మీద చెరగని మచ్చ కూడా తెచ్చారు. జమీందార్లతో పోరాడిన రంగాగారు వాళ్ల పక్కన కూర్చోవడం చూసి మా నాన్న కూడా బాధపడ్డాడు. కౌలుదారుకు, కూలీకి ఆ పార్టీ ఏం ఇస్తుందో సూటిగా చెప్పలేకపోయింది. భూమి ఉన్నవాడి హక్కు గురించి చెప్పినంత బలంగా, భూమి లేనివాడికి అది ఎలా చేతికి వస్తుందో చెప్పలేదు. మా పాలేళ్ల వాడలో ఒక్క గోడ మీద కూడా నక్షత్రం లేదు. నాన్న వేయడానికి వెళ్తే ఒక పెద్దాయన "మాకు పొలమే లేదు, పొలం మీద హక్కు మాకెందుకు" అన్నాడట. ఆ ప్రశ్నకు జవాబు నాన్న దగ్గర లేదు, పార్టీ దగ్గరా లేదు. ఇంకొకటి, ఒడిశాలో ఆ పార్టీ ప్రభుత్వమే 1967లో మతమార్పిడుల మీద ఆంక్షల చట్టం తెచ్చింది. వ్యక్తి స్వేచ్ఛ గురించి అన్ని మాటలు చెప్పినవాళ్లు, మనిషి తన మతం విషయంలో సర్కారుకు జవాబు చెప్పుకునే పరిస్థితి తేవడం నేను ఏ రకంగానూ సమర్థించలేను.

1969లో 14 బ్యాంకులను జాతీయం చేశారు. 1971 ఎన్నికల్లో స్వతంత్ర పార్టీ ఎనిమిది సీట్లకు పడిపోయింది. 1972 డిసెంబరు 25న రాజాజీ కన్నుమూశారు. రంగాగారు కాంగ్రెస్‌లోకి తిరిగి వెళ్లిపోయారు. 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. ఆ లోక్‌దళ్ 1977లో జనతా పార్టీలో కలిసింది. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసిన 44వ సవరణ తెచ్చింది ఆ జనతా ప్రభుత్వమే. 1979 జూన్ నుంచి ఆస్తి మీద మనకున్నది 300ఏ అధికరణం కింద ఒక మామూలు హక్కు. చట్ట ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదు, అంతే. ప్రాథమిక హక్కు కాదు కాబట్టి దాని కోసం 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లలేం. ఏ హక్కు కోసం ఆ పార్టీ పుట్టిందో, అది కలిసిపోయిన ఇంట్లోనే ఆ హక్కు పోయింది. ఎమర్జెన్సీని ఓడించినవాళ్లని మా నాన్న జనతా వాళ్లకు 1977లో సంతోషంగా ఓటు వేశాడు. ఈ సవరణ వార్త చదివిన రోజు ఆయన అన్నం తినలేదు.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2017లో మా అమ్మాయి చదువు కోసం అర ఎకరం అమ్మబోయాను. బేరం కుదిరింది, బయానా తీసుకున్నాను. తీరా రిజిస్ట్రేషన్‌కు వెళ్తే మా సర్వే నంబరు 22ఏ జాబితాలో ఉందన్నారు. నిషేధ భూమి అట, రిజిస్ట్రేషన్ చేయరట. మా తాత పేరు మీద పట్టా, నాన్న పేరు మీద పాసు పుస్తకం, నా పేరు మీద అడంగల్, అన్నీ ఉన్నాయి. పక్కనున్న డొంక పోరంబోకును మా నంబరుతో కలిపి ఎవరో జాబితాలో ఎక్కించారు. నాకు నోటీసు లేదు, అడిగింది లేదు. ఆ పొరపాటు సరిదిద్దించడానికి మూడేళ్లు పట్టింది. సర్వే చేయించమని ఒకరు, పాత భూముల రికార్డు ఆర్‌ఎస్‌ఆర్ నకలు తెమ్మని ఒకరు, పై ఆఫీసుకు ఫైలు పంపామని ఒకరు. కొనేవాడు బయానా వెనక్కి తీసుకున్నాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు చేసి పిల్ల ఫీజు కట్టాను. ఆ మూడేళ్ల టెన్షన్‌లో నాకు షుగర్ వచ్చింది. నా భూమి నాది అని నేను రుజువు చేసుకోవాలి, కాదు అన్నవాళ్లు మాత్రం దేనికీ రుజువు చూపక్కర్లేదు. మీ నియోజకవర్గాల్లో మీ ఇంటికి వచ్చే అర్జీల్లో ఇలాంటివి ఎన్ని ఉంటాయో నాకన్నా మీకే బాగా తెలుసు. రికార్డులో పేరుకు బదులు చుక్కలు పెట్టిన చుక్కల భూములు, సర్కారు పేదలకిచ్చిన అసైన్డ్ భూములు, కంప్యూటర్‌లో పేరు మారిపోయిన భూములు, రెండు రాష్ట్రాల్లోనూ ఇదే గోల.

ఆ మూడేళ్లలో నాకొక ఆలోచన వచ్చింది. మా ఊళ్లో అన్ని పార్టీల వాళ్లూ నాకు సాయం చేస్తామన్నారు, ఫోన్ చేసి చెబుతామన్నారు. మనిషిని చూసి సాయం చేస్తామన్నారే గానీ, ఆస్తి హక్కు ప్రాథమిక హక్కు కావాలని తమ పార్టీ తరఫున ఒక్కరూ అనలేదు. ఆ మాట అనే పార్టీ పెట్టాలని ఎవరికైనా అనిపిస్తే, సోషలిజానికి కట్టుబడతామని ముందు రాసివ్వాలి.

ఈ షరతు ఎప్పుడు వచ్చిందో చూడండి. రాజ్యాంగ పీఠికలో సోషలిస్టు అనే మాటను ఎమర్జెన్సీలో, 1976లో 42వ సవరణతో చేర్చారు. పార్టీల నమోదుకు ఆ షరతు పెట్టింది 1988 డిసెంబరులో, ఓటు వయసు 18 ఏళ్లకు తగ్గించిన రోజుల్లోనే. 1989 జూన్ నుంచి అమల్లోకి వచ్చింది. అప్పుడు గుంటూరు లోక్‌సభ సభ్యుడు రంగాగారే. స్వతంత్ర పార్టీ మొదటి అధ్యక్షుడు కూర్చున్న సభే, అలాంటి పార్టీ ఇక నిజాయితీగా పుట్టడానికి వీల్లేకుండా చేసింది.

దీన్ని ప్రశ్నించినవాళ్లు లేకపోలేదు. స్వతంత్ర పార్టీని మళ్లీ లేపాలని మహారాష్ట్రలో పాత కార్యకర్తలు ప్రయత్నించారు. ఆ ప్రమాణం చేయలేమని 1996లో బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. ఏళ్లు గడిచినా అది తేలలేదు. షేత్కరీ సంఘటన నడిపిన రైతు నాయకుడు శరద్ జోషీ 1994లో స్వతంత్ర భారత్ పక్ష్ అనే పార్టీ పెట్టారు. చిన్న పార్టీయే. కానీ పాత స్వతంత్ర పార్టీ చెప్పలేకపోయిన జవాబులో కొంత ఆయన దగ్గర ఉంది. రైతులు తమ పొలంలో కొంత భార్యల పేరు మీద రాయాలని లక్ష్మీ ముక్తి అనే ఉద్యమం నడిపారు. ఆస్తి లేనివాళ్లకు ఆస్తి చేర్చడం కూడా స్వేచ్ఛావాదుల పనేనని చేసి చూపించారు. రాజ్యసభలో సభ్యుడిగా ఉన్నప్పుడు ఈ సోషలిజం మాటను తీసేయాలని, మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టే ప్రైవేటు బిల్లు కూడా తెచ్చారు. అది నెగ్గలేదు.

మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. సోషలిజం అంటే ఇవాళ సంక్షేమమే కదా, రాసిస్తే పోయేదేముంది అని. 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు కూడా పీఠికలోని ఆ మాటను సమర్థిస్తూ, మన దేశంలో సోషలిజం అంటే సంక్షేమ రాజ్యమనీ, అది ప్రైవేటు రంగానికి అడ్డు కాదనీ చెప్పింది. నేను ఆ తీర్పును గౌరవిస్తాను. పీఠిక జోలికి వెళ్లమని మిమ్మల్ని అడగడం లేదు. కానీ ప్రమాణం చేసేవాడికి మాట అర్థం ముఖ్యం. కమ్యూనిస్టు మిత్రుడు ఆ మాట రాసినప్పుడు ఉత్పత్తి సాధనాలన్నీ సమాజానివి కావాలని మనసారా నమ్మి రాస్తాడు. ఆయన అలా రాయాలి, అది ఆయన హక్కు. ఇంకొకడు అదే మాట రాసి, నా ఉద్దేశం పింఛన్లు, రేషన్ బియ్యం మాత్రమే అనుకోవాలా? ప్రతి ఒక్కడూ మనసులో ఒక అర్థం పెట్టుకుని సంతకం పెట్టే ప్రమాణం వల్ల ఎవరికి లాభం? పిల్లలకు పౌరశాస్త్రం చెప్పినవాణ్ణి, రాజకీయ జీవితం అబద్ధంతో మొదలుపెట్టమని వాళ్లకు నేను చెప్పలేను.

అంబేద్కర్ గారు ఈ విషయం ముందే చెప్పారు. 1948 నవంబరు 15న రాజ్యాంగ సభలో ప్రొఫెసర్ కె.టి. షా సోషలిస్టు అనే మాట చేర్చాలని సవరణ పెడితే ఆయన ఒప్పుకోలేదు. సమాజం ఆర్థికంగా ఎలా నడవాలన్నది కాలాన్ని బట్టి, పరిస్థితులను బట్టి ప్రజలే తేల్చుకోవాలని, రాజ్యాంగంలో దాన్ని కట్టేస్తే ప్రజాస్వామ్యాన్ని దెబ్బతీసినట్టేనని ఆయన వాదన. 2024 నవంబరు 5న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రైవేటు ఆస్తి ప్రతిదీ సమాజపు వనరు కిందికి రాదని తీర్పు ఇస్తూ, ఏదో ఒక ఆర్థిక సిద్ధాంతానికి దేశాన్ని కట్టేయడం రాజ్యాంగ నిర్మాతల ఉద్దేశం కాదనే చెప్పింది. దేశాన్నే కట్టేయకూడదన్నప్పుడు పార్టీలను ఎందుకు కట్టేయాలి?

మన తెలుగువాడు పి.వి. నరసింహారావు గారిని కూడా తలుచుకోవాలి. ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు భూపరిమితి చట్టం తెచ్చినది ఆయనే. 1991 జులైలో ప్రధానిగా, పరిశ్రమల శాఖ కూడా తానే చూస్తూ, 18 పరిశ్రమలకు తప్ప మిగతా వాటికి లైసెన్సులు ఎత్తేసినదీ ఆయనే. రాజాజీ, రంగా, మసానీ గొంతు చించుకుని అడిగింది, పార్టీ పోయిన పదిహేడేళ్లకు ఇలా వచ్చింది. ఒక నాయకుడు అనుభవంతో దారి మార్చుకోవచ్చు, మార్చుకున్నాడు, దేశానికి మేలు జరిగింది. ఓటరు కూడా అలా మార్చుకోవాలంటే రెండో దారి చూపే పార్టీ చట్టబద్ధంగా ఉండాలి కదా.

నేను అడిగే పనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. మూడింట రెండు వంతుల మెజారిటీ అక్కర్లేదు. 29ఏ మామూలు చట్టంలోని సెక్షన్. రెండు సభల్లో సాధారణ మెజారిటీ చాలు. ఇప్పటికే ఆ మాట రాసుకున్న పార్టీలు ఏమీ మార్చుకోనక్కర్లేదు. సోషలిజాన్ని నమ్మేవాళ్లు తమ నియమావళిలో దాన్ని ఉంచుకుంటారు. నమ్మనివాళ్లు రాయరు. ఎవరిది బాగుందో జనం తేలుస్తారు. 1970 తర్వాత ప్రైవేటు సభ్యుల బిల్లు ఒక్కటీ చట్టం కాలేదని నాకు తెలుసు. అయినా అలాంటి బిల్లులకు కేటాయించే శుక్రవారం మధ్యాహ్నం మీలో ఎవరో ఒకరు లేచి ఈ బిల్లు పెడితే కనీసం చర్చ జరుగుతుంది, రికార్డులో ఉంటుంది. ప్రభుత్వ పక్షంలో ఉన్నవారు మీ మంత్రులకు చెప్పగలిగితే అది ప్రభుత్వ బిల్లుగానే రావచ్చు.

ఈ ఉత్తరం నకలు మీ అరవై మందికీ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. బిల్లు పెడతానని కాకపోయినా, పెట్టను, ఇందుకు పెట్టను అని కారణంతో ఒక కార్డు ముక్క రాసినా నాకు చాలు. మీరు రాసిన ప్రతి జవాబూ మా ఊరి లైబ్రరీ బోర్డు మీద అతికిస్తాను. చదివి వాదించుకోవడానికి ఆ అరుగు ఇంకా ఉంది. మా నాన్న లేడు గానీ, కంకి కొడవలి వేసిన ఆయనకు 88 ఏళ్లు, ఇప్పటికీ రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటారు. ఈ ఉత్తరం మొదట ఆయనకే చదివి వినిపించాను. సోషలిజం గురించి నేను రాసిన దానిలో సగం తప్పని అన్నారు. పంపించు అని కూడా అన్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు, రైతు
పొన్నూరు, గుంటూరు జిల్లా